పోస్టరు మీద పెద్ద పేరు ఉంటే పెట్టుబడి వెనక్కి వస్తుందా?

గోదారిగట్టు
మా పెద్దమ్మ కొడుకు సినిమా తీస్తున్నాడు. నాకంటే నాలుగేళ్లు పెద్ద, అన్నయ్య అనే పిలుస్తాను. రొయ్యల చెరువుల మీద సంపాదించిన డబ్బు, మరో ఇద్దరు భాగస్వాములు, మొత్తం బడ్జెట్ మూడున్నర కోట్లు. హీరో కొత్త కుర్రాడు. అంతవరకు నాకేమీ అభ్యంతరం లేదు. కొత్త కుర్రాడి ముఖం మీద బిజినెస్ కాదని ఎవరో చెప్పారట. అందుకని అందరికీ తెలిసిన ఒక సీనియర్ నటుడిని తొమ్మిది రోజుల డేట్లకు మాట్లాడుకున్నారు. ఆ తొమ్మిది రోజులకు 80 లక్షలు. అందులో 20 లక్షలు నన్ను వేయమంటున్నాడు.

"ఆయన ముఖం పోస్టరు మీద పడితే చాలురా, శాటిలైటు వాళ్లూ ఓటీటీ వాళ్లూ వాళ్లే ఫోన్లు చేస్తారు" అంటాడు. పోయిన ఆదివారం భోజనాల దగ్గర కంచం పక్కకు జరిపి, పెరుగన్నం తిన్న వేలితో బల్ల మీదే లెక్క వేసి చూపించాడు. చేతులు కడుక్కుని వచ్చేసరికి మా ఆవిడ బల్ల తుడిచేసింది.

నా అనుమానం ఒకటే. పెద్ద నటుడు ఉంటే డబ్బు తిరిగి వస్తుందన్నది నిజమైతే ఇంతమంది పెద్ద హీరోల సినిమాలు ఎందుకు పోతున్నాయి? నిజం కాకపోతే అందరూ వాళ్ల వెనకే ఎందుకు తిరుగుతున్నారు? ఈ వ్యాపారాన్ని దగ్గరగా చూసినవాళ్లు చెప్పండి. స్థలం అమ్మగా వచ్చిన డబ్బు, బ్యాంకులో పడి ఉంది.

ఇంటర్వెల్_సమోసా
20 లక్షలకు రాజమండ్రిలో ఎన్ని సమోసా బండ్లు పెట్టవచ్చో లెక్క వేసి పంపమంటారా? కాగితం మీదే వేస్తాను, పెరుగుతో కాదు.

రీలుపెట్టె
మా నాన్నగారు కృష్ణా జిల్లాకు సినిమాలు కొనేవారు. విజయవాడ గాంధీనగర్‌లో ఒక గది, రెండు బల్లలు, గోడ వారగా రేకు పెట్టెలు. నా చిన్నతనమంతా ఆ పెట్టెల మీద కూర్చునే గడిచింది.

గోదారిగట్టు గారూ, మీరు రెండు ప్రశ్నలను కలిపి ఒకటిగా అడుగుతున్నారు. సినిమా ఆడటానికి పెద్ద హీరో ఎంత అవసరం అన్నది ఒకటి. సినిమా మొదలు కావడానికి ఎంత అవసరం అన్నది మరొకటి. ఆయనకు డబ్బు ఇచ్చేది ప్రధానంగా ఈ రెండోదానికి.

తొంభైలలో ముహూర్తం కొబ్బరికాయ కొట్టిన వారంలోనే నైజాం (తెలంగాణ), సీడెడ్ (రాయలసీమ), వైజాగ్, తూర్పు, పశ్చిమ, కృష్ణా, గుంటూరు, నెల్లూరు అని ఏరియాల వారీగా బయ్యర్లు అడ్వాన్సులు ఇచ్చేవారు. కథ ఎవరికీ తెలియదు. ఒక్కోసారి దర్శకుడికే పూర్తిగా తెలియదు. తెలిసినదల్లా హీరో పేరు, ఆయన కిందటి సినిమా మన జిల్లాలో ఎంత షేరు (పన్నూ హాలు వాటా పోగా బయ్యరుకు మిగిలేది) చేసింది అన్న అంకె. ఆ ఒప్పంద పత్రాలు పట్టుకుని నిర్మాత ఫైనాన్షియర్ దగ్గరకు వెళ్లేవాడు. వడ్డీ నూటికి నెలకు రెండు రూపాయలు, అవసరాన్ని బట్టి మూడు. రైతుకు పట్టాదారు పాసుపుస్తకం ఎలాగో నిర్మాతకు హీరో కాల్షీట్లు అలాగ. బ్యాంకులు ఈ గుమ్మం తొక్కేవి కావు. 1998లో కేంద్రం సినిమాకు పరిశ్రమ హోదా ఇచ్చింది. ఆ తరువాత కూడా మాకు తెలిసిన నిర్మాతలంతా ప్రైవేటు వడ్డీకే తెచ్చారు.

అంటే హీరో అసలు సంగతిలో తాకట్టు వస్తువు. మెడలో గొలుసు అందంగా ఉందా లేదా అని తాకట్టు కొట్టువాడు చూడడు. ఎన్ని తులాలు అని చూస్తాడు.

నేలటికెట్టు
తాకట్టు వస్తువు అంటూ హీరోలను కించపరచడం ఎందుకు? జనం ఎవరి కోసం వస్తున్నారు? పోకిరి 2006లో వచ్చింది. పదహారేళ్ల తరువాత, 2022 ఆగస్టులో మహేష్ పుట్టినరోజుకు మళ్లీ వేస్తే హాళ్లు నిండిపోయాయి. కథ అందరికీ తెలుసు, మాటలన్నీ నోటికి వచ్చు, టీవీలో వంద సార్లు చూసిందే. మరి ఎందుకు వచ్చారంటారు? అది పేరుకు ఉన్న బలం. కథ బలం, కథ బలం అని చెప్పేవాళ్లు దీనికి సమాధానం చెప్పాలి.

రీలుపెట్టె
కించపరచలేదండీ. మా ఇంట్లో ఇప్పటికీ గోడ మీద ఒక హీరో ఫోటో ఉంది. ఆయన సినిమా మీద మా అక్క పెళ్లి చేశాం. పక్క గోడ ఖాళీగా ఉంటుంది. అక్కడ ఉండవలసిన ఫోటో కూడా ఆయనదే, తరువాతి సినిమాకు తీసేశాం.

ఇంటర్వెల్_సమోసా
ఒకే హీరో, రెండు గోడలు. మంచి సినిమా పేరు.

పద్దులపుస్తకం
నా వృత్తి ఆడిటింగ్. ఇద్దరు చిన్న నిర్మాతల లెక్కలు నా దగ్గరే ఉంటాయి. ఉద్వేగాలు పక్కన పెట్టి ఒక టికెట్టును విప్పి చూద్దాం.

హైదరాబాద్ మల్టీప్లెక్సులో 295 రూపాయల టికెట్టు. అందులో 45 జీఎస్టీ. మిగిలినది 250. మొదటి వారం హాలుకు సుమారు సగం పోతుంది అనుకుంటే డిస్ట్రిబ్యూటరు చేతికి 125. ఇందులోంచే ఆయన కమిషన్, ప్రచారం, డిజిటల్ సర్వీసు చార్జీలు పోవాలి. అవన్నీ మరచిపోయి 125 మొత్తం నిర్మాతకే వచ్చిందనుకున్నా, ఒక హీరో 50 కోట్లు తీసుకుంటే ఆ ఒక్క పారితోషికం రాబట్టడానికి 40 లక్షల మంది అంత ధర పెట్టి టికెట్టు కొనాలి. సెట్లు, పాటలు, ఫైట్లు, వడ్డీ ఇంకా మొదలే కాలేదు.

ఇప్పుడు గోదారిగట్టు గారి అన్నయ్య సినిమా. చిన్న సినిమాకు 295 ఎవరూ పెట్టరు, 150 అనుకుందాం. జీఎస్టీ పోతే 127, సగం 63 చిల్లర. 80 లక్షలు రావాలంటే సుమారు లక్షా పాతిక వేల టికెట్లు. తొమ్మిది రోజులు పనిచేసే ఆ సీనియర్ నటుడు కేవలం తన పేరు మీద లక్షా పాతిక వేల మందిని హాలుకు రప్పించగలరా? మీ అన్నయ్యను అడగవలసిన ప్రశ్న అదే.

నేలటికెట్టు
అన్నీ హాలు లెక్కలే వేశారు. హిందీ డబ్బింగ్, శాటిలైటు, ఓటీటీ, ఆడియో ఎక్కడ? ఇప్పుడు సగం డబ్బు అక్కడినుంచే వస్తోంది. అవి వచ్చేది హీరో పేరు చూసే కదా.

పద్దులపుస్తకం
ఒప్పుకుంటాను, అందులోనే అసలు కథ ఉంది. 2020 తరువాత ఓటీటీ సంస్థలు పోటీ పడి కొన్నాయి. నిర్మాత మొదట ఏమనుకున్నాడు? హాలు లెక్కకు ముందే సగం బడ్జెట్ చేతికి వచ్చింది, ఇక భయం లేదు అనుకున్నాడు. హీరో మేనేజరు ఏమనుకున్నాడు? నిర్మాతకు అంత వచ్చింది కాబట్టి మా పారితోషికం అంత పెంచాలి అనుకున్నాడు. వచ్చిన కొత్త డబ్బు వచ్చిన దారినే నడిచి వెళ్లిపోయింది. ఆ తరువాత ఓటీటీలు చేయి బిగించాయి, హాల్లో ఎలా ఆడిందో చూసి ధర చెబుతాం అన్నాయి. పారితోషికం మాత్రం ఎక్కిన మెట్టు దిగలేదు.

2022 మార్చిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం టికెట్ ధరల మీద ఉత్తర్వు ఇచ్చింది, గుర్తుందా? భారీ బడ్జెట్ అని చెప్పి విడుదలైన మొదటి పది రోజులు ధర పెంచుకోవాలంటే ఖర్చు 100 కోట్లు దాటి ఉండాలి. అందులో హీరో, హీరోయిన్, దర్శకుడి పారితోషికాలు కలపకూడదు. బడ్జెట్‌లో ఎంత భాగం తెర మీదకు రాకుండా పోతుందో ప్రభుత్వానికి కూడా అర్థమైందన్న మాట.

తెరచాటు
అసిస్టెంట్ డైరెక్టరుగా ఏడేళ్లు, కో-డైరెక్టరుగా రెండేళ్లు. ఇప్పుడు సొంత కథ పట్టుకుని తిరుగుతున్నాను. ఇప్పటివరకు పదహారు మంది నిర్మాతలకు చెప్పాను. ఒక్కరు తప్ప ఎవరూ ఇంటర్వెల్ దాకా కూడా వినలేదు. కూర్చోగానే "హీరో ఎవరండీ?" అంటారు. హీరోల దగ్గరకు వెళితే "నిర్మాత ఎవరండీ?" అంటారు. కోడి ముందా గుడ్డు ముందా అన్న ప్రశ్నలో నా తల వెంట్రుకలు సగం పోయాయి.

ఒక ఆఫీసులో జరిగింది చెబుతాను. కథ విన్నాయన కళ్లు తుడుచుకున్నాడు. నిజంగానే. జేబురుమాలు తీసి తుడుచుకుని, మడిచి పెట్టి, "బాగుంది, దీన్ని ఫలానా హీరోకు చెప్పు, ఆయన ఒప్పుకుంటే రేపే అడ్వాన్సు" అన్నాడు. ఆ కథలో నాయకుడికి అరవై రెండేళ్లు. ఆయన చెప్పిన హీరోకు ముప్ఫై.

కాటుకపిట్ట
ఇంతసేపూ పెద్ద నటుడు అంటే మగవాడే అన్నట్టు మాట్లాడుకుంటున్నారు అందరూ. 1990లో కర్తవ్యం విజయశాంతి పేరు మీద ఆడింది. 2009 సంక్రాంతికి అరుంధతి వచ్చింది, దానికి పెద్ద హీరో ఎవరో చెప్పండి. డబ్బంతా గ్రాఫిక్సులోకి, సెట్లలోకి వెళ్లింది, అది తెర మీద కనబడింది. 2018లో మహానటి. ఇవన్నీ మీ తాకట్టు సిద్ధాంతంలో ఎక్కడ పడతాయి రీలుపెట్టె గారూ?

రీలుపెట్టె
సరైన ప్రశ్నే. అవి నిర్మాత సొంత గుండె మీద తీసిన సినిమాలు. తాకట్టు లేకుండా తీయగలిగిన చేవ ఉన్నవాళ్లు తీశారు. కానీ మా నాన్నగారి లాంటి బయ్యరు ఏం చేసేవారో కూడా చెప్పాలి. కథానాయిక ప్రధానమైన సినిమా అంటే ఎంజీ ఇచ్చేవారు కాదు, కమిషన్ మీద వేస్తానని అనేవారు. తెలియనివాళ్ల కోసం: ఎంజీ అంటే కనీసం ఇంత అని ముందే కట్టేయడం, తగ్గితే నష్టం బయ్యరుది. ఎన్ఆర్ఏ అంటే తిరిగి రాని అడ్వాన్సు. కమిషన్ మీద అంటే బయ్యరు సొంత డబ్బు పైసా పెట్టడు, ఆడితే తన వాటా తీసుకుంటాడు. అంటే హీరోయిన్ సినిమాకు కష్టమంతా నిర్మాతది. హీరో సినిమాకు ఆ కష్టాన్ని పది మంది బయ్యర్లు పంచుకుంటారు. తేడా ప్రేక్షకుడిలో లేదు, మాలోనే ఉంది.

కాటుకపిట్ట
ఇది ఒప్పుకున్న మొదటి మగ బయ్యరు మీరే. బయ్యరు కొడుకు అనుకోండి.

డల్లాస్_దోసె
అమెరికా అనుభవం కూడా వినండి. ఐదారేళ్ల కిందట ఒక పెద్ద హీరో సినిమా అమెరికా హక్కులను ఒక పంపిణీదారు కొన్నాడు. ఆయన కింద తలా కొంత వేసి చేరిన పదకొండు మందిలో నేనొకణ్ణి. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, బోనస్ వచ్చిన నెల, బుద్ధి మందగించిన సమయం.

గురువారం రాత్రి ప్రీమియర్. టికెట్టు పాతిక డాలర్లు. మా ఊరి హాలు బయట డప్పులు, కారు డిక్కీలో కాగితం ముక్కల సంచులు, హాలు మేనేజరు శుభ్రం చేయడానికి విడిగా డబ్బు కట్టించుకున్నాడు. మేం పదకొండు మందీ పార్కింగులో నిలబడి ఒకరి వీపు ఒకరం తట్టుకున్నాం. ఇంటర్వెల్‌లో బయటికి వచ్చిన మొదటి మనిషి ముఖం చూశాను. ఆయన ఏమీ అనలేదు, పాప్‌కార్న్ వరుసలో నిలబడి ఫోను చూసుకుంటూ ఉండిపోయాడు. నాకు అర్థమైపోయింది. శుక్రవారం సగం, శనివారం అందులో సగం, సోమవారం ఆ హాల్లో వేరే భాష సినిమా.

హీరో పేరు గురువారం రాత్రి పనిచేసింది. పూర్తిగా, నూటికి నూరుపాళ్లు. మేం కొన్నది మాత్రం నాలుగు వారాల లెక్కన. నష్టం గురించి అడిగితే తరువాతి సినిమాలో సర్దుతామన్నారు. ఇంకా సర్దుతూనే ఉన్నారు.

నేలటికెట్టు
సినిమా బాగాలేకపోతే హీరో ఏం చేస్తాడు? దర్శకుణ్ణి అడగండి.

డల్లాస్_దోసె
అదే కదా నేను చెప్పేది కూడా. ఆడితే హీరో గొప్ప, పోతే దర్శకుడి తప్పు. డబ్బు మాత్రం రెండు సందర్భాల్లోనూ ముందే ఇస్తాం.

పాతపోస్టరు
నా వయసు డెబ్బై మూడు. ఈ గొడవ మీరు కనిపెట్టినది కాదు.

పాతాళభైరవి రోజుల్లో విజయా సంస్థ నటులను నెల జీతం మీద పెట్టుకునేది. ఎన్.టి. రామారావు కూడా అలా జీతం తీసుకున్నవారే. అప్పుడు పోస్టరు మీద విజయా వారి పేరు చూసి జనం హాలుకు వెళ్లేవారు, అంటే పేరు కంపెనీది. డబ్బు పంపిణీదారులది. నవయుగ, పూర్ణా లాంటి సంస్థలు నిర్మాతకు అడ్వాన్సు ఇచ్చేవి, కథ వినేవి, నచ్చకపోతే మార్చమనేవి. ఇది రీలుపెట్టె గారి నాన్నగారి కాలం కన్నా ముందటి మాట. తరువాత నటులకు ఒక సంగతి తెలిసింది: జనం మన కోసం వస్తుంటే లాభం వేరేవాళ్లు ఎందుకు తినాలి? రామారావు నేషనల్ ఆర్ట్ థియేటర్ పెట్టారు, నాగేశ్వరరావు అన్నపూర్ణ పిక్చర్స్‌లో భాగస్వామి అయ్యారు, కృష్ణ పద్మాలయా పెట్టారు. అల్లూరి సీతారామరాజు తీయడానికి చాలామంది జంకారు, 1974లో కృష్ణ సొంతంగా తీసి చూపించారు. హీరోయే పెట్టుబడిదారు అయితే ఏమవుతుందో దానికి మంచి ఉదాహరణ అది.

రెండో వైపు కూడా చెప్పాలి. కాంతారావు కత్తి పట్టుకుంటే హాలు ఊగేది. సినిమాలు సొంతంగా తీసి ఆస్తులు పోగొట్టుకున్నారు. పద్మనాభం తీశారు, మొదట్లో బాగానే ఉంది, చివరికి చితికిపోయారు. సావిత్రి సంగతి అందరికీ తెలిసిందే. తన పేరు మీద ఇతరుల సినిమాలు ఆడించిన మహానటి, తాను నిర్మించిన సినిమాతో ఇల్లు గుల్ల చేసుకుంది. పేరు ఒకటే, మనిషి ఒకరే. మరి ఎందుకు ఆడలేదు అంటే ఏం చెబుతారు?

నేలటికెట్టు
మీరు ఇలా చెబితే నేను ఏమీ అనలేను పెద్దాయనా.

ప్రొజెక్టరు_గది
చిన్న ఊరు. ఒకే తెర. మూడు వందల తొంభై సీట్లు. ఇరవై రెండేళ్లుగా మేనేజరుని. కొన్ని మాటలు.

పెద్ద హీరో సినిమా వస్తే మా హాలుకు మొదటి మూడు రోజులు పండుగ. అయితే మాకు మిగిలేది టికెట్ల మీద కాదు, సైకిల్ స్టాండు మీద, క్యాంటీన్ మీద. అద్దె పద్ధతిలో హాలుకు వారానికి ఇంత అని వస్తుంది, జనం వచ్చినా రాకపోయినా. వినడానికి బాగానే ఉంటుంది. కానీ చిన్న సినిమా వాడు ఆ అద్దె కట్టలేడు. పొద్దున ఆటకు పదకొండు మంది వస్తారు, కరెంటు ఖర్చు కూడా రాదు, ఆట ఆపేస్తాం. వాళ్ల లెక్కలో దాన్ని డెఫిసిట్ అంటారు, అంటే ఆడించినందుకు నిర్మాతే మాకు ఎదురు కట్టాలి. 2025 మే, జూన్‌లో ఎగ్జిబిటర్లు, అంటే హాళ్లవాళ్లు, అద్దె వద్దు, వాటా కావాలి అని హాళ్లు మూసేస్తామన్న గొడవ దీని గురించే. పెద్ద సినిమాలు ఏడాదికి నాలుగైదు. మిగతా వారాలు మేం ఏం తినాలి?

ఇక గోదారిగట్టు గారి సీనియర్ నటుడి సంగతి. ఇలాంటి సినిమాలు నేను పాతిక దాకా వేశాను. కౌంటరు దగ్గర జనం ఏమని అడుగుతారో తెలుసా? "ఆయన ఎంతసేపు ఉంటాడు?" టికెట్లు ఇచ్చే మా కుర్రాడు మొదట్లో "సినిమా అంతా ఉంటాడు" అనేవాడు. ఇంటర్వెల్‌లో తిట్లు తిన్నాక "ఇరవై నిమిషాలు" అని నిజం చెప్పడం మొదలుపెట్టాడు. సగం మంది వెనక్కి వెళ్లిపోయారు. ఒక పెద్దాయన మాత్రం "ఆ ఇరవై నిమిషాలు ఎప్పుడు వస్తాయో చెప్పు, అప్పుడే వస్తాను" అన్నాడు.

ఇంటర్వెల్_సమోసా
ఆ పెద్దాయనకు పాదాభివందనం.

తెరచాటు
రీలుపెట్టె గారు ఫైనాన్షియర్ల గురించి ఒక్క ముక్క చెప్పి వదిలేశారు. విడుదల ముందు రాత్రి ఏం జరుగుతుందో కూడా చెప్పండి. ఇప్పుడైతే క్యూబ్ (హాళ్లకు సినిమాను డిజిటల్‌గా అందించే సంస్థ) కీ రాలేదు అంటారు, అప్పుడేమనేవారు?

రీలుపెట్టె
ల్యాబు లెటరు. నెగెటివ్ మద్రాసులోనో హైదరాబాద్‌లోనో ల్యాబులో ఉండేది. బాకీ తీరిందని ఫైనాన్షియర్ చెప్పేదాకా ప్రింట్లు బయటికి ఇవ్వం అని ల్యాబు రాసి ఇచ్చే కాగితం అది. విడుదల ముందు రాత్రి ల్యాబు వరండాలో నిర్మాత, ఫైనాన్షియర్, ఎనిమిది ఏరియాల బయ్యర్లు. మిగతా సొమ్ము బయ్యర్లు కడితేనే ఆయన అప్పు తీరుస్తాడు, ప్రింటు చేతికి వస్తేనే బయ్యర్లు కడతారు. నాన్నగారు డబ్బు సంచి తల కింద పెట్టుకుని ఆ వరండాలోనే పడుకునేవారు. తెల్లవారుజామున పెట్టెలు వ్యానులోకి ఎక్కించేవారు. బయట అభిమానులు మాత్రం కటౌటుకు దండలు వేస్తూ ఉండేవారు. హీరోగారు ఆ సమయంలో నిద్రపోతూ ఉంటారు, ఆయన డబ్బు డబ్బింగు నాడే అందింది.

ప్రొజెక్టరు_గది
కీ సంగతి నేను చెబుతాను. సినిమా మొత్తం మా సర్వరులో ముందే ఉంటుంది. ఏ ఆట నుంచి ఏ ఆట దాకా వేయవచ్చో చెప్పే తాళం అంకెల రూపంలో వస్తుంది. డబ్బు సెటిల్ కాకపోతే ఆ తాళం రాదు. ఒక పెద్ద సినిమాకు పదకొండు గంటల ఆటకు కీ రాలేదు. హాలు నిండిపోయింది, బయట ఫ్లెక్సీలు. నేను తలుపు గడియ పెట్టుకుని ప్రొజెక్టరు గదిలో కూర్చున్నాను. మధ్యాహ్నం రెండు నలభైకి వచ్చింది. ఈలోగా నాలుగు కుర్చీలు విరిగాయి. ఆ నాలుగింటి ఖర్చు ఎవరి లెక్కలోనూ పడలేదు.

కాటుకపిట్ట
2024 సంక్రాంతికి హనుమాన్ వచ్చిన రోజే ఒక పెద్ద హీరో సినిమా కూడా వచ్చింది. హనుమాన్‌కు హాళ్లు దొరకక నిర్మాతల మండలి దాకా వెళ్లింది వ్యవహారం. వారం తిరిగేసరికి జనం హనుమాన్ ఆడే హాళ్ల ముందే బారులు తీరారు. నేలటికెట్టు గారు దీనికేమంటారు?

నేలటికెట్టు
అందులో కూడా హీరో ఉన్నాడు. సాక్షాత్తూ ఆంజనేయస్వామి. ఆయన కన్నా పెద్ద హీరో ఎవరండీ?

ఇంటర్వెల్_సమోసా
పారితోషికం అడగడు, కారవాన్ అడగడు, పోస్టరు మీద అక్షరాల సైజు గురించి గొడవ పెట్టుకోడు. అప్పాలు చాలు.

పద్దులపుస్తకం
కాటుకపిట్ట గారు అన్నది నిజమే కానీ దాన్ని కూడా అతిగా సాగదీయకూడదు. ఆ ఒక్కటి కనబడుతుంది. అదే ఏడాది కొత్తవాళ్లతో తీసి, వారం కూడా ఆడని సినిమాల పేర్లు మనలో ఎవరికీ గుర్తులేవు. చిన్న సినిమా పోతే శబ్దం రాదు, అంతే తేడా. నా ఇద్దరు నిర్మాతల్లో ఒకాయన ఇప్పుడు మళ్లీ పాత వ్యాపారం, ఎరువుల కొట్టు చూసుకుంటున్నాడు.

పెద్ద పేరు వాడుకోవడానికి ఇంకో దారి ఉంది, అది గోదారిగట్టు గారికి పనికి రావచ్చు. 2018లో కేరాఫ్ కంచరపాలెంలో దాదాపు అందరూ కొత్తవాళ్లే. దాన్ని రానా సమర్పించాడు, నటించలేదు. 2025 మార్చిలో వచ్చిన కోర్ట్ నాని నిర్మించినది. ఇది నచ్చకపోతే నేను హీరోగా వస్తున్న హిట్ 3 చూడకండి అని వేదిక మీద చెప్పాడు. తొమ్మిది రోజుల డేట్ల కన్నా ఆ ఒక్క మాట విలువ ఎక్కువ. సినిమా చూసి, నచ్చి, తన పేరు పెట్టాడు కాబట్టి. మీ అన్నయ్య పెట్టే పేరు వెనక ఆ నటుడికి నష్టపోయేది ఏమైనా ఉందా?

పాతపోస్టరు
నష్టం మాట వచ్చింది కాబట్టి. 2002లో బాబా పోయినప్పుడు రజనీకాంత్ పంపిణీదారులకు డబ్బు తిరిగి ఇచ్చారు. ఇన్నేళ్ల తరువాత కూడా అదే ఉదాహరణ చెబుతున్నామంటే, అలా ఇచ్చేవాళ్లు ఎందరున్నారో అర్థం చేసుకోవచ్చు.

తెరచాటు
ఆమిర్ ఖాన్ పద్ధతి కూడా ఉంది. ముందు జీతం తీసుకోడు, సినిమా ఖర్చు వెనక్కి వచ్చాక లాభంలో వాటా. అది ఆయనే చాలాసార్లు చెప్పాడు. మన దగ్గర కూడా లాభంలో వాటా మొదలైంది కానీ కొందరికి అది "జీతానికి తోడు వాటా" అయింది. 2022 ఆగస్టు ఒకటి నుంచి నిర్మాతలు షూటింగులు ఆపి ఖర్చులు తగ్గించుకుందామని కూర్చున్నారు. మాకు ఆ రోజుల్లో బత్తా లేదు. మళ్లీ మొదలయ్యాక నేను పనిచేసిన సెట్టులో హీరో సహాయకుల సంఖ్య లెక్కపెట్టాను. తొమ్మిది మంది. ఒకతని పని గొడుగు పట్టుకోవడం. షూటింగు నాలుగు గోడల మధ్య, ఫ్లోరులో.

గోదారిగట్టు
ఇన్ని సమాధానాలు వస్తాయనుకోలేదు. నిన్న రాత్రి అన్నయ్య ఇంటికి వెళ్లాను. పద్దులపుస్తకం గారి లక్షా పాతిక వేల టికెట్ల లెక్క కాగితం మీద రాసి పట్టుకెళ్లాను. చూసి నవ్వాడు. "నువ్వు హాలు లెక్క వేస్తున్నావు, నేను ఓటీటీ లెక్క వేస్తున్నాను" అన్నాడు. సరే, ఓటీటీ వాళ్లు ఎవరైనా మాట ఇచ్చారా అంటే, "సినిమా పూర్తయ్యాక చూస్తామన్నారు" అన్నాడు. అది మాట ఇవ్వడమా అని వదిన అడిగింది. ఆవిడ అడగడం నాకు కొంచెం బలాన్నిచ్చింది.

తరువాత ఆ నటుడి ఒప్పంద పత్రం చూపించమన్నాను. మూడు పేజీలు. తొమ్మిది రోజులు, రోజుకు ఎనిమిది గంటలు, మేకప్ సమయం అందులోనే. డబ్బింగుకు విడిగా మాట్లాడుకోవాలి. ప్రచార కార్యక్రమాలకు రావడం ఆయన ఇష్టం. 80లో 50 లక్షలు మొదటి రోజు కెమెరా ముందు నిలబడక ముందే. అన్నయ్య ఇవన్నీ చదవలేదు. సంతకం చేసిన రోజు ఆయనతో దిగిన ఫోటో మాత్రం ఫ్రేము కట్టించి హాల్లో పెట్టాడు.

పద్దులపుస్తకం
ప్రచారానికి రావడం ఆయన ఇష్టమైతే మీరు కొంటున్నది ఫోటో హక్కు మాత్రమే. 80 లక్షల ఫోటో.

రీలుపెట్టె
ఇలాంటి తాకట్టును ఇప్పుడు ఏ బయ్యరూ తూకం వేయడు. తొంభైలలో అయితే వేసేవారేమో. మీ అన్నయ్యకు మర్యాదగా చెప్పండి: ఆ 80 లక్షల్లో సగం పెట్టి నాలుగు వారాలు మంచి హాళ్లలో అద్దె కడితే సినిమాకు ఊపిరి పీల్చుకునే సమయం దొరుకుతుంది. బాగుంటే నిలబడుతుంది.

ప్రొజెక్టరు_గది
మా హాలు అద్దెకు ఉంది.

నేలటికెట్టు
నేను ఇప్పటికీ అంటాను, పేరు ఉంటేనే జనం తల తిప్పి చూస్తారు. కానీ ఇరవై నిమిషాల పేరుకు నేను కూడా టికెట్టు కొనను. నా హీరో అయితే సినిమా అంతా ఉండాలి.

డల్లాస్_దోసె
గోదారిగట్టు గారూ, వేయకండి. వేస్తే మాత్రం తిరిగి వస్తుందని నిద్ర పాడు చేసుకోకండి.

గోదారిగట్టు
20 లక్షలు వేయడం లేదు. ఈ ఉదయం చెప్పేశాను. రెండు లక్షలు ఇస్తానన్నాను, వాటా కాదు, అప్పు కాదు, వాళ్ల అమ్మాయి పెళ్లిలో చదివించినట్టు అనుకోమన్నాను. కొంచెంసేపు మాట్లాడలేదు. ఒప్పందం గురించి లాయరుతో మాట్లాడతానన్నాడు, వదిన ఒత్తిడి అనుకుంటాను. మధ్యాహ్నం మళ్లీ ఫోను చేశాడు. కోపం లేదురా, నీకు ఊరి సర్పంచ్ వేషం ఇస్తాను, రెండు రోజుల షూటింగు, రమ్మన్నాడు.

ఇంటర్వెల్_సమోసా
డైలాగు ఉందా?

గోదారిగట్టు
లేదు. పంచె మాత్రం మనమే తెచ్చుకోవాలట.